రిఫరీ నిర్ణయాలు, మన ఆవేదన: గంజాం, గజపతి, రాయగడ జిల్లాల తెలుగు ఫుట్‌బాల్ అభిమానులు తరచుగా అడిగే ప్రశ్నలు

పర్లాకిమిడి చుట్టుపక్కల కోతలు ముగిశాక జరిగే టోర్నమెంట్లలో మా జట్టు తరఫున ఫిర్యాదు పత్రాలను ఒడియాలో రాసిపెట్టే పని చాలా ఏళ్లుగా నాదే. ఓడిన రాత్రి ఆ పత్రం రాయించుకోవడానికి వచ్చినవాళ్లూ, భువనేశ్వర్‌లో ఒడిశా ఎఫ్‌సీ ఆట చూసి తెల్లవారుజామున బరంపురం స్టేషన్లో దిగినవాళ్లూ నన్ను మళ్లీ మళ్లీ అడిగిన ప్రశ్నలను, వాటికి నేను ఇవ్వగలిగిన జవాబులను ఇక్కడ ఒకచోట చేర్చాను.

మన జట్టుకు అన్యాయం జరిగిందని ఎప్పుడు అనవచ్చు?

తప్పు, పక్షపాతం, తొండి అనే మూడు మాటలను మనం కోపంలో ఒకే అర్థంతో వాడేస్తుంటాము గానీ, అవి మూడు వేర్వేరు సంగతులు. రిఫరీకి అడ్డంగా ఇద్దరు ఆటగాళ్లు ఉండి, గోల్ ముందరి పెనాల్టీ ఏరియాలో జరిగిన తోపులాట ఆయనకు కనిపించకపోతే అది తప్పు. జనం అరుపులకో, పెద్ద జట్టు పేరుకో లొంగి తనకు తెలియకుండానే ఒకవైపు ఒరిగితే అది పక్షపాతం. ముందే అనుకుని, కావాలని ఒక జట్టును ఓడిస్తే అది తొండి. తప్పును ఒక్క సంఘటనతో చూపించవచ్చు. పక్షపాతాన్ని చూపించాలంటే అనేక మ్యాచ్‌ల లెక్క కావాలి. తొండిని నిరూపించాలంటే మైదానం బయట జరిగిన లావాదేవీ బయటపడాలి. మనవాళ్లు తప్పు జరిగిందని నాతో చెప్పిన సందర్భాల్లో చాలావరకు వాళ్లు చెప్పింది నిజమేనని నాకు అనిపించింది. అదే నోటితో వెంటనే తొండి అనేసినందువల్ల, నిజమైన ఆ మొదటి మాటను కూడా ఎవరూ వినకుండా పోయారు.

2024 జూన్ 11న దోహాలో భారత జట్టుకు జరిగినది అన్యాయం కాదా?

ఆ రాత్రి గుర్తొస్తే నాకు ఇప్పటికీ కడుపు రగులుతుంది. సునీల్ ఛెత్రీ జూన్ 6న కోల్‌కతాలో కువైట్‌తో, అప్పట్లో తన ఆఖరిదని ప్రకటించిన అంతర్జాతీయ మ్యాచ్ ఆడి తప్పుకున్నాక భారత జట్టు ఆడిన మొదటి మ్యాచ్ అది. ఖతర్ సొంతగడ్డపై 37వ నిమిషంలో లాలియన్‌జువాలా ఛాంగ్తే గోల్ కొట్టి మనకు ఆధిక్యం తెచ్చాడు. ఆ గెలుపు నిలిచి ఉంటే ప్రపంచకప్ అర్హత పోటీల్లో భారత్ మొట్టమొదటిసారి మూడో రౌండుకు చేరేది. 73వ నిమిషంలో ఖతర్ ఆటగాడు యూసెఫ్ ఐమెన్ తలతో కొట్టిన బంతిని మన గోల్‌కీపర్ గుర్‌ప్రీత్ సింగ్ సంధు ఆపాడు. బంతి గోల్‌లైన్ దాటి బయటికి దొర్లింది. అది బయటికి పోయిందని మన ఆటగాళ్లు ఆగిపోగా, ఖతర్ ఆటగాడొకడు దానిని కాలితో వెనక్కి లాగాడు, ఐమెన్ గోల్‌లోకి తన్నాడు. దక్షిణ కొరియా రిఫరీ దానిని గోల్‌గా ప్రకటించాడు. 85వ నిమిషంలో రెండో గోల్ పడింది, మనం 2-1తో ఓడి పోటీ నుంచి వైదొలిగాము.

బంతి మొత్తం గీత దాటితే ఆట ఆగినట్టేనని ఫుట్‌బాల్ ఆట నిబంధనల్లో తొమ్మిదోది స్పష్టంగా చెబుతోంది. కాబట్టి అది తప్పుడు గోల్ అనడంలో నాకు సందేహం లేదు. ఆ దశ పోటీల్లో వీడియో సహాయం లేనందువల్ల దానిని అక్కడికక్కడే సరిచేసే మార్గం లేకపోయింది. అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య ఫిర్యాదు చేసి విచారణ కోరినా ఫలితం మారలేదు. అయితే ఆ గోల్ ఇవ్వకపోయినా ఇంకా పదిహేడు నిమిషాలకు పైగా ఆ ఒక్క గోల్ ఆధిక్యాన్ని కాపాడుకోవలసి ఉండేదని, 1-1తో ముగిసినా గ్రూపు పట్టికలో కువైట్ మనకంటే ముందుండేదని కూడా చెప్పుకోవాలి. మన నుంచి లాక్కున్నది గెలుపు కాదు, గెలిచే అవకాశం. నా దృష్టిలో అది కూడా చిన్న నష్టం కాదు.

తప్పు అంత స్పష్టంగా ఉన్నప్పుడు ఫలితాన్ని ఎందుకు మార్చరు?

ఆటలో జరిగిన వాస్తవాల గురించి, అంటే గోల్ అయిందా లేదా, ఫౌల్ జరిగిందా లేదా, బంతి గీత దాటిందా లేదా అనే విషయాల్లో రిఫరీ మాటే తుది నిర్ణయమని ఐదో నిబంధన చెబుతుంది. పొరపాటు చేశానని రిఫరీ స్వయంగా గ్రహించినా, ఆట తిరిగి మొదలుకాకముందే దానిని సరిదిద్దుకోవాలి. సెంటర్ నుంచి బంతి కదిలిన తరువాత ఆయన చేతుల్లో కూడా ఏమీ ఉండదు. ఈ కట్టుబాటు కఠినమైనదే. ఇది లేకపోతే ప్రతి మ్యాచ్ మైదానంలో ముగిసి కమిటీ గదిలో మళ్లీ మొదలవుతుంది. ఆ గదిలో గెలిచేది బాగా ఆడిన జట్టు కాదు, పలుకుబడి ఉన్న జట్టు. మన వంటి చిన్న ఊళ్ల జట్లకు అది మరింత కీడు చేస్తుందని నా గట్టి నమ్మకం.

అయితే ఏ సందర్భంలోనూ మ్యాచ్‌ను తిరిగి ఆడించరా?

ఆడించిన సందర్భాలు ఉన్నాయి. రెండింటిని తెలుసుకోవాలి, ఎందుకంటే ఫిర్యాదు రాయడానికి కూర్చున్న ప్రతిసారీ ఈ రెండింటి మధ్య తేడానే మనకు దారి చూపుతుంది.

మొదటిది 2005 సెప్టెంబరులో తాష్కెంట్‌లో ఉజ్బెకిస్తాన్, బహ్రెయిన్ జట్ల మధ్య జరిగిన ప్రపంచకప్ అర్హత మ్యాచ్. 1-0 ఆధిక్యంలో ఉన్న ఉజ్బెకిస్తాన్‌కు పెనాల్టీ వచ్చింది, దానిని గోల్ చేశారు కూడా. కిక్ కొట్టకముందే ఆ జట్టు ఆటగాడొకడు పెనాల్టీ ఏరియాలోకి దూరినందువల్ల ఆ పెనాల్టీని తిరిగి కొట్టించవలసిన రిఫరీ, దానికి బదులు బహ్రెయిన్‌కు ఇన్‌డైరెక్ట్ ఫ్రీకిక్ (నేరుగా గోల్ కొట్టడానికి వీల్లేని కిక్) ఇచ్చాడు. ఆయన చూసింది సరిగానే చూశాడు, నిబంధనను మాత్రం తప్పుగా అమలు చేశాడు. మ్యాచ్‌ను తమ గెలుపుగా ప్రకటించాలని ఉజ్బెకిస్తాన్ కోరగా, ప్రపంచ ఫుట్‌బాల్ సమాఖ్య ఫిఫా మొత్తం మ్యాచ్‌ను మళ్లీ ఆడించింది. తిరిగి ఆడిన మ్యాచ్ 1-1తో, బహ్రెయిన్‌లో జరిగిన రెండో మ్యాచ్ 0-0తో ముగిశాయి. పరాయి మైదానంలో కొట్టిన గోల్ లెక్కన బహ్రెయిన్ ముందుకు వెళ్లింది. న్యాయం అడిగిన జట్టుకు చేతిలో ఉన్న గెలుపు కూడా పోయింది.

రెండోది 2016 నవంబరులో దక్షిణాఫ్రికా, సెనెగల్ మ్యాచ్. సెనెగల్ ఆటగాడి మోకాలికి తగిలిన బంతిని చేతికి తగిలినట్టు చెప్పి ఘనా రిఫరీ జోసెఫ్ లాంప్టే పెనాల్టీ ఇచ్చాడు, దక్షిణాఫ్రికా 2-1తో గెలిచింది. ఫలితాన్ని అక్రమంగా ప్రభావితం చేశాడని తేలడంతో ఫిఫా ఆ రిఫరీని జీవితకాలం నిషేధించి, మ్యాచ్‌ను రద్దు చేసింది. 2017 నవంబరులో తిరిగి ఆడినప్పుడు సెనెగల్ 2-0తో గెలిచి 2018 ప్రపంచకప్‌కు వెళ్లింది.

నిబంధనను తప్పుగా అమలు చేసినప్పుడు, అవినీతి రుజువైనప్పుడు తలుపు కొంచెం తెరుచుకుంటుంది. రిఫరీ సరిగా చూడలేదన్న ఒక్క కారణానికి అది తెరుచుకోదు.

టీవీలో అంత స్పష్టంగా కనిపించిన ఆఫ్‌సైడ్ లైన్స్‌మన్‌కు ఎందుకు కనిపించలేదు?

తనవాళ్లు బంతిని తన్నిన క్షణంలో ఆటగాడు బంతికంటే, ఎదుటి జట్టులో ఆఖరి నుంచి రెండో ఆటగాడికంటే గోల్‌కు దగ్గరగా ఉంటే అది ఆఫ్‌సైడ్. అది పట్టుకోవాలంటే లైన్స్‌మన్ ఒకే క్షణంలో రెండుచోట్ల చూడాలి: బంతి తన్నిన కాలు దగ్గర, ముందు పరుగెత్తుతున్న ఆటగాడి దగ్గర. ఆ రెండింటి మధ్య ముప్పై నలభై మీటర్ల దూరం ఉండవచ్చు. పైగా ఆయన ఆఖరి నుంచి రెండో డిఫెండర్‌కు సరిగ్గా సమాంతరంగా నిలబడి ఉండాలి. ఒక అడుగు ముందున్నా, ఒక అడుగు వెనుకున్నా చూపు కోణం మారిపోయి, సరైన స్థానంలో ఉన్నవాడు ఆఫ్‌సైడ్‌లో ఉన్నట్టు, ఆఫ్‌సైడ్‌లో ఉన్నవాడు సరైన స్థానంలో ఉన్నట్టు కనిపిస్తాడు. 2000 సంవత్సరంలో డచ్ పరిశోధకులు ఈ కోణపు పొరపాటునే ప్రయోగపూర్వకంగా చూపించారు.

మన కంటికి టీవీ కూడా అంత నమ్మదగినది కాదు. కెమెరా మైదానం మధ్యగీత దగ్గర ఉంటే, గోల్ వైపు జరిగే ప్రతిదీ ఏటవాలుగానే కనిపిస్తుంది. సెకనుకు 25 చిత్రాలు తీసే కెమెరాలో, సెకనుకు 8 మీటర్ల వేగంతో పరుగెత్తే ఆటగాడు ఒక చిత్రానికీ తరువాతి చిత్రానికీ మధ్య 32 సెంటీమీటర్లు ముందుకు పోతాడు. బంతి కాలిని వదిలిన సరైన క్షణం ఆ రెండు చిత్రాల మధ్యలో పడిపోతే, మనం ఫోనులో ఆపి వేలితో గీత గీసి చూపే సాక్ష్యానికి విలువ లేదు. సెల్‌ఫోన్ వీడియోతో కమిటీ ముందుకు వెళ్లేవారు ఈ సంగతి ముందుగా తెలుసుకోవాలి.

చేతికి తగిలిన ప్రతి బంతీ హ్యాండ్‌బాలేనా?

కాదు. చేయి బంతి వైపు కావాలని కదిలిందా, శరీరాన్ని అసహజంగా పెద్దది చేసే స్థితిలో ఉందా అన్నది చూస్తారు. తగిలిన ప్రతిసారీ అది నేరం కాదని 2021లో నిబంధనలో మరింత స్పష్టం చేశారు. తన చేతికి తగిలిన వెంటనే అదే ఆటగాడు గోల్ కొడితే మాత్రం, పొరపాటున తగిలినా సరే, ఆ గోల్ చెల్లదు.

వీఏఆర్ వస్తే మన బాధ తీరుతుందా?

కొంత తీరుతుంది. వీడియో అసిస్టెంట్ రిఫరీ ఉండి ఉంటే దోహా గోల్ నిలిచేది కాదు. 2010 ప్రపంచకప్‌లో జర్మనీపై ఇంగ్లండ్ ఆటగాడు ఫ్రాంక్ లాంపార్డ్ కొట్టిన బంతి గీత లోపల పడినా గోల్ ఇవ్వకపోవడం వల్లే గోల్‌లైన్ సాంకేతికతకు ఊపు వచ్చి, 2012లో దానికి ఆమోదం లభించింది. 2018 ప్రపంచకప్‌లో వీఏఆర్ వచ్చింది. మన ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్‌ఎల్) మాత్రం 2014లో మొదలై 2024-25 సీజను దాకా వీఏఆర్ లేకుండానే నడిచింది. ఇంత పెద్ద లీగులో అది లేకపోవడం ఆటగాళ్లకూ, రిఫరీలకూ కూడా నష్టమేనని నేను బహిరంగంగానే అంటాను.

అయితే వీఏఆర్ ప్రతి ఈలనూ తిరిగి పరిశీలించదు. గోల్, పెనాల్టీ, నేరుగా ఇచ్చే రెడ్ కార్డు, ఒకరికి బదులు మరొకరికి కార్డు చూపడం వంటి కొన్ని ముఖ్య సందర్భాల్లో, అదీ స్పష్టమైన పొరపాటు ఉన్నప్పుడే జోక్యం చేసుకుంటుంది. దానిని నడిపేవారు మనుషులే. 2023 సెప్టెంబరు 30న టోటెన్‌హామ్‌పై లివర్‌పూల్ ఆటగాడు లూయిస్ దియాజ్ కొట్టిన సరైన గోల్‌ను మైదానంలో ఆఫ్‌సైడ్‌గా ప్రకటించారు. గదిలో ఉన్న వీడియో రిఫరీ మాత్రం మైదానంలో గోల్ ఇచ్చారనుకుని, పరిశీలన పూర్తయిందని చెప్పేశాడు. ఆట మొదలైపోయింది, ఇక వెనక్కి తిప్పే దారి లేదు. అక్కడి రిఫరీల సంస్థ తప్పును ఒప్పుకుని ఆ సంభాషణల రికార్డును బయటపెట్టింది. తప్పు జరిగాక దానిని దాచకుండా వినిపించిన ఆ పద్ధతి మన దేశంలో ఇంకా రావలసి ఉంది.

రిఫరీలు సొంతగడ్డ జట్టు వైపు మొగ్గుతారన్నది నిజమేనా?

నిజమేనని చెప్పడానికి ఆధారాలున్నాయి. 2002లో ఇంగ్లండ్‌లో అర్హత పొందిన 40 మంది రిఫరీలకు ఒకే మ్యాచ్‌లోని 47 సంఘటనలు చూపించారు. కొందరికి ప్రేక్షకుల అరుపులతో, మిగిలినవారికి శబ్దం లేకుండా. అరుపులు విన్నవారు సొంతగడ్డ జట్టుపై ఇచ్చిన ఫౌళ్లు 15.5 శాతం తగ్గాయి. కరోనా కాలంలో ఖాళీ స్టేడియాల్లో ఆడినప్పుడు, కార్డుల విషయంలో సొంతగడ్డ జట్లకు ఉండే ఆ అనుకూలత తగ్గిందని ఐరోపా లీగుల లెక్కలు చూపాయి. ఇందులో లంచం లేదు, కుట్ర లేదు. వేలమంది ఒక్కసారి అరిస్తే మనిషి గుండె ఒక క్షణం తడబడుతుంది, అంతే. భువనేశ్వర్ కళింగ స్టేడియంలో మనం అరిచే అరుపు కూడా అదే పని చేస్తుందని, ఆ లాభాన్ని మనమూ పొందుతున్నామని ఒప్పుకున్నాకనే కొచ్చిలోనో కోల్‌కతాలోనో జరిగినదాని గురించి మాట్లాడడం సబబు.

ఒకే సంఘటనను చూసి ఇద్దరు నిజాయితీపరులు రెండు రకాలుగా ఎలా చెబుతారు?

దీనికి మా ఇల్లే సాక్ష్యం. పర్లాకిమిడిలోని చాలా తెలుగు ఇళ్లలో లాగానే మా ఇంట్లోనూ ఒడిశా ఎఫ్‌సీ అభిమానులు కొందరు, 2021-22లో ఐఎస్‌ఎల్ కప్పు గెలిచిన హైదరాబాద్ ఎఫ్‌సీ అభిమానులు కొందరు ఉండేవారు. ఆ రెండు జట్లు తలపడిన రాత్రి ఒకే టీవీ ముందు, ఒకే చాప మీద కూర్చుని, ఒకే పెనాల్టీని నేను ఇవ్వాలన్నాను, మా బావ ఇవ్వకూడదన్నాడు. మా ఇద్దరిలో ఎవరూ అబద్ధం చెప్పలేదు.

1951లో అమెరికాలో డార్ట్‌మత్, ప్రిన్స్‌టన్ కళాశాలల మధ్య జరిగిన అమెరికన్ ఫుట్‌బాల్ మ్యాచ్ ఫిల్మును రెండు కళాశాలల విద్యార్థులకూ చూపించి ఫౌళ్లు లెక్కపెట్టమన్నారు. డార్ట్‌మత్ జట్టు చేసిన ఫౌళ్లు ఆ కళాశాల విద్యార్థులకు కనిపించిన వాటికంటే ప్రిన్స్‌టన్ విద్యార్థులకు రెట్టింపుకు పైగా కనిపించాయి. అందుకే నేను ఫిర్యాదు రాసే ముందు, ఆ మ్యాచ్‌లో ఏ జట్టుకూ చెందని ఒక్క మనిషినైనా వెతికి పట్టుకుని ఏం చూశావని అడుగుతాను. ఆయన కూడా మన మాటే చెబితే కలం తీస్తాను.

మనం తెలుగువాళ్లమని ఒడియా రిఫరీలు మనకు వ్యతిరేకంగా ఈల వేస్తారా?

ఈ ప్రశ్నను గట్టిగా అడగడానికి చాలామంది వెనకాడతారు, అడగకుండా ఉండలేరు కూడా. 1936లో ఒడిశా ఏర్పడినప్పటి నుంచీ ఈ జిల్లాల్లో రెండు భాషలూ ఒకే వీధిలో కాపురం చేస్తున్నాయి. మైదానంలో మాత్రం ఓడిన రోజున భాష గుర్తొస్తుంది. నేను గమనించినంతలో గొడవ మొదలయ్యేది నిర్ణయం దగ్గర కాదు, మాట దగ్గర. మన కుర్రాళ్లు ఒకరినొకరు తెలుగులో గట్టిగా కేకలు వేసుకుంటారు, గుణుపూర్ పైనుంచి వచ్చిన రిఫరీ వాళ్లు తనను తిడుతున్నారనుకుంటాడు. తిట్టడానికి రెడ్ కార్డు ఇచ్చే అధికారం పన్నెండో నిబంధన ఆయనకు ఇచ్చింది. అలా కార్డు పడ్డ మ్యాచ్‌లు నేను కళ్లారా చూశాను. బాధపడ్డాను, ఎందుకంటే ఆ కుర్రాడు తిట్టింది రిఫరీని కాదు, తన సొంత డిఫెండర్‌ను. అదే పరిస్థితి ఆంధ్రలోని పాతపట్నం, టెక్కలి వైపు ఆడడానికి వెళ్లిన ఒడియా జట్లకూ ఎదురవుతుంది.

అందుకే రిఫరీతో ఒడియాలో మాట్లాడే పని కెప్టెన్ ఒక్కడిదేనని మా జట్టులో కట్టుబాటు చేసుకున్నాము. కావాలని చేసిన భాషా వివక్ష ఎక్కడా లేదని నేను హామీ ఇవ్వలేను. కానీ దానిని ఆరోపించాలంటే ఒక్క మ్యాచ్ చాలదు. అదే రిఫరీ ఆడించిన అనేక మ్యాచ్‌లలో ఎవరికి ఎన్ని ఫౌళ్లు, ఎన్ని కార్డులు ఇచ్చాడో రాసిన లెక్క ఉండాలి. ఆ పుస్తకం ఇప్పటిదాకా నా దగ్గరికి ఎవరూ తేలేదు. తెచ్చినవారి పక్కన నిలబడడానికి నేను సిద్ధం.

రిఫరీలు డబ్బు తీసుకున్న ఉదంతాలు లేవా?

ఉన్నాయి, అవి సిగ్గుపడవలసినవి. జర్మనీలో రాబర్ట్ హోయ్‌జర్ అనే రిఫరీ బెట్టింగ్ ముఠా దగ్గర డబ్బు తీసుకుని, 2004 ఆగస్టులో పాడర్‌బోర్న్ అనే చిన్న జట్టు చేతిలో హాంబర్గ్ 4-2తో ఓడేలా పెనాల్టీలు ఇచ్చాడు. తరువాతి ఏడాది అతనికి రెండు సంవత్సరాల ఐదు నెలల జైలుశిక్ష పడింది. ఇటలీలో 2006లో రిఫరీల నియామకాల్లో పెద్దల జోక్యం ఫోను సంభాషణల ద్వారా బయటపడి, యువెంటస్ రెండు టైటిళ్లను కోల్పోయి రెండో డివిజనుకు దిగజారింది. హోయ్‌జర్ మీద అనుమానాన్ని మొదట జర్మన్ సమాఖ్యకు తెలియజేసినవారు అతని తోటి రిఫరీలు. ఈలను నమ్ముకుని బతికేవాళ్లకు దాని పరువు మీద మనకంటే ఎక్కువ పట్టింపు ఉంటుంది.

అన్యాయం జరిగితే జట్టు మైదానం విడిచి వెళ్లిపోవడం సరైనదేనా?

వద్దు. 2023 మార్చి 3న బెంగళూరులో జరిగిన ఐఎస్‌ఎల్ నాకౌట్ మ్యాచ్ ఎక్స్‌ట్రా టైమ్‌లో, కేరళ బ్లాస్టర్స్ ఆటగాళ్లు బంతికి ఎదురుగా అడ్డుగోడగా ఇంకా నిలబడకముందే బెంగళూరు ఎఫ్‌సీ ఆటగాడు ఛెత్రీ ఫ్రీకిక్‌ను గోల్‌లోకి పంపాడు. రిఫరీ దానిని అంగీకరించగా, కోచ్ ఇవాన్ వుకోమనోవిచ్ కేరళ బ్లాస్టర్స్ ఆటగాళ్లను బయటికి పిలిచేశాడు. క్లబ్బుకు 4 కోట్ల రూపాయల జరిమానా, కోచ్‌కు పది మ్యాచ్‌ల నిషేధం, 5 లక్షల జరిమానా పడ్డాయి. గోల్ అలాగే నిలిచింది. ఆ ఫ్రీకిక్ చెల్లుతుందా అన్న అసలు చర్చ, జట్టు వెళ్లిపోవడం తప్పా కాదా అన్న చర్చ కింద పూడుకుపోయింది. తిరిగి వచ్చి ఆడి ఉంటే వాళ్లకు ఇంకా ఇరవై నిమిషాలకు పైగా ఆట మిగిలి ఉండేది.

మన ఊరి టోర్నమెంటులో ఫిర్యాదు ఎలా రాయాలి?

టోర్నమెంటు నిబంధనల కాగితాన్ని మొదటి మ్యాచ్‌కు ముందే అడిగి తెచ్చుకోండి. ఫిర్యాదు ఎంతసేపట్లో ఇవ్వాలి, ఎంత రుసుము కట్టాలి అన్నది అందులోనే ఉంటుంది. నిమిషం, అప్పటి స్కోరు, బంతి ఎక్కడ ఉంది, రిఫరీ ఎక్కడ నిలబడ్డాడు, ఏ సైగ చేశాడు, ఆట తిరిగి ఎలా మొదలైంది అన్నవి తిట్లు లేకుండా రాయండి. బయటి ఊరి ఆటగాణ్ణి ఆడించడం, ఒక అర్ధభాగాన్ని తక్కువ నిమిషాలకే ముగించడం, నిబంధనను తప్పుగా అమలు చేయడం వంటివి రాస్తే కమిటీ వినవలసి ఉంటుంది. ఫౌల్ ఇవ్వలేదని రాస్తే వినదు.

ఈ తేడా ఎంత సన్ననిదో నాకు ఒక సెమీఫైనల్ నేర్పింది. ఎదుటి జట్టు విసిరిన త్రో నేరుగా మా గోల్‌లో పడింది, రిఫరీ గోల్ ఇచ్చాడు. త్రో ఎవరికీ తగలకుండా గోల్‌లోకి వెళ్తే గోల్ కాదు, గోల్‌కిక్ ఇవ్వాలి. నేను నిబంధనను ఉటంకిస్తూ పత్రం రాశాను. రిఫరీని పిలిచి అడిగితే, బంతి మా గోల్‌కీపర్ వేళ్లకు తగిలిందని ఆయన చెప్పాడు. ఆ ఒక్క మాటతో అది నిబంధన తగువు కాకుండా, వాస్తవం తగువు అయిపోయింది. కమిటీ పత్రాన్ని తిరిగి ఇచ్చేసింది. ఆ గోల్‌కీపర్ తన వేళ్లకు ఏమీ తగల్లేదని ఈనాటికీ అంటాడు, నేనూ అతన్నే నమ్ముతాను. ఆ పత్రం ఇప్పటికీ మా ఇంట్లో ఉంది.

మ్యాచ్ అయిన వెంటనే రిఫరీని అడగవచ్చా?

కెప్టెన్ ఒక్కడు వెళ్లి, ఏ నిబంధన ప్రకారం ఆ నిర్ణయం ఇచ్చారని మర్యాదగా అడగవచ్చు. ఆయన చెప్పిన జవాబును ఆయన మాటల్లోనే రాసుకోవాలి. గుంపుగా వెళ్లకూడదు. మన టోర్నమెంట్లకు వచ్చే రిఫరీల్లో చాలామంది ఇరవై ఏళ్లు దాటీ దాటని కుర్రాళ్లు. ఆ సెమీఫైనల్ రిఫరీ కూడా అలాంటివాడే. మ్యాచ్ ముగిసేసరికి చీకటి పడింది, దారి పొడవునా మన జట్టు అభిమానులే ఉన్నారు. మా గోల్‌కీపర్, నేను ఆయన సంచీ పట్టుకుని బస్టాండు దాకా వెంట నడిచాము. దారిలో ఆ త్రో గురించి మేము ఎత్తలేదు, ఆయనా ఎత్తలేదు. అప్పటి నుంచి ఓడిన రోజున రిఫరీ వెంట ఎవరు వెళ్లాలో మా జట్టు ఆట మొదలవకముందే నిర్ణయించుకుంటోంది.